మిరపధూళి అనుకున్నారు

మీ ఆధార్ కార్డు నకళ్ళు ఈ క్షణాన ఎన్ని కంప్యూటర్లలో ఉన్నాయో మీకు తెలుసా?

తెలియదు. రావినూతలపాలెంలో కూడా ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవలసిన విషయమని ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు. వాళ్ళ కాగితాలన్నీ హెలెన్ దగ్గర ఉండేవి మరి. హెలెన్ దగ్గర ఉంటే సొంత ట్రంకుపెట్టెలో ఉన్నట్టే లెక్క.

మార్టూరు నుంచి పడమరగా పొలాల్లోకి దిగే రోడ్డు మీద, పత్తి చేలూ మిరప చేలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగే నల్లరేగడి నడుమ ఉంది ఆ ఊరు. గ్రామ సచివాలయానికి సరిగ్గా ఎదురుగా, రేకుల వసారా దించిన ఒంటి గదిలో హెలెన్ నెట్ సెంటర్. అడంగల్ తీయించుకోవాలన్నా, పింఛను దరఖాస్తు పెట్టాలన్నా, శుభలేఖ కొట్టించాలన్నా, సంస్మరణ సభకు ఫ్లెక్సీ వేయించాలన్నా ఊరంతా ఆ గడప తొక్కవలసిందే.

హెలెన్ పుట్టింది ఆ ఊరి అంచున ఉన్న దళితుల పల్లెలోనే. తల్లి పొద్దంతా మిరపకాయలు కోసి, కల్లంలో తొడిమలు తీసి కూతుర్ని చదివించింది. ఆ తల్లి వేళ్ళను వేలిముద్ర యంత్రం ఏనాడూ గుర్తించలేదు. ఏళ్ళ తరబడి మిరప ఘాటుకూ తొడిమల రాపిడికీ ఆ వేళ్ళ మీది గీతలు అరిగి, నున్నటి గులకరాళ్ళలా తయారయ్యాయి. రేషన్ దగ్గరా బ్యాంకు దగ్గరా ఆమె వేలు ఒత్తేది, తుడుచుకుని మళ్ళీ ఒత్తేది, చివరకు యంత్రం కాదన్నాక తానే ఏదో తప్పు చేసినట్టు తల వంచుకుని వచ్చేది. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ తల వంచుకోవడాన్ని మాత్రం హెలెన్ మరిచిపోలేదు.

చిలకలూరిపేటలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి సెంటర్ తెరిచిన నాడే ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది: తన దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ వేలు చూపించుకుంటూ నిలబడకూడదు. వేలిముద్ర పడనివాళ్ళకు ఓటీపీ దారి ఉంది. ఓటీపీ రావాలంటే కార్డుకు ఫోన్ నంబరు కలిపి ఉండాలి. మరి ఫోనే లేనివాళ్ళు ఏం చేయాలి? ఆధార్ శిబిరం పెట్టినప్పుడల్లా ఆమె ముసలివాళ్ళను ఆటో ఎక్కించుకుని తీసుకువెళ్ళి, ఫోన్ లేని ప్రతి ఒక్కరి కార్డుకూ తన నంబరే రాయించింది. వాళ్ళ కార్డులూ పాస్‌బుక్కులూ ఫొటోలూ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో "మనవాళ్ళు" అనే ఫోల్డర్‌లో భద్రం చేసింది, ప్రతిసారీ మోసుకుని రానక్కర్లేకుండా. ఫోన్‌కు వచ్చే మెసేజీలు కంప్యూటర్ తెర మీదే కనిపించేటట్టు అమర్చుకుంది, చేతిలో పని ఆగకుండా ఓటీపీ కొట్టవచ్చునని.

విడివిడిగా చూస్తే ప్రతిదీ మంచి మనసుతో చేసిన పనే. అన్నీ కలిసేసరికి ఊళ్ళోని తాళపుచెవులన్నీ తెచ్చి ఒక్క మేకుకు తగిలించినట్టయింది. చట్టం ఆ మేకును గురించి ఎన్నో నిబంధనలు రాసిపెట్టుకుంది. వాటిలో ఒక్కటి కూడా రావినూతలపాలెం దాకా నడిచి రాలేదు.

ఆ ఏడు మిరప కోతలు ఊపందుకునే వేళకు కంప్యూటర్ మందగించింది.

ఎవరూ కంగారు పడలేదు. ఆ ప్రాంతంలో మిరప కాలంలో కంప్యూటర్లు మందగించడం ఏటా ఉండేదే. రోడ్డు పొడుగునా కల్లాల్లో కాయలు ఆరబోస్తారు. పడమటి గాలి వాటి మీదుగా వీచి సన్నటి ఎర్రటి ధూళిని ఇళ్ళలోకి మోసుకొస్తుంది. ఆ ధూళి క్యాబినెట్ లోపలి ఫ్యాన్‌కు పట్టుకుని, వేడెక్కిన యంత్రం రొప్పుతూ నడుస్తుంది. హెలెన్ ముక్కుకు చున్నీ చుట్టుకుని, పక్క రేకు విప్పి, బ్లోయర్‌తో కొడుతుంది. వసారాలో ఉన్నవాళ్ళందరూ తుమ్ముతారు. యంత్రం మళ్ళీ దారిలో పడుతుంది.

ఈసారి దారిలో పడలేదు. ఒకసారి కొట్టింది, వారం తిరక్కుండా మళ్ళీ కొట్టింది. ఫ్యాన్ రెక్కలు కడిగిన గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. అయినా ఒక పేజీ తెరుచుకునేలోగా మనిషి వెళ్ళి టీ తాగి రావచ్చు.

"ఏందమ్మాయ్, నీ డబ్బా ఇంకా నిద్ర లేవలేదా?" అన్నాడు యలమంద, వసారా బల్ల మీద కూర్చుని. ఆయన మిరప రైతు, నోరు పెద్దది. పంట నమోదు కోసం పాస్‌బుక్కు పట్టుకుని వచ్చాడు. "దీనికన్నా మా గేదె నయం. తోక మెలిపెడితే లేస్తది."

"మీ కల్లం ధూళే బాబాయ్, దీని గొంతులో అడ్డం పడింది. కాయల మీద పట్టా కప్పమని మొత్తుకుంటన్నా, వింటారా?"

"పట్టా కప్పితే కాయ ఎండుద్దా? నీ కంప్యూటర్‌కి జలుబు చేసిందని సూర్యుణ్ణి సెలవు పెట్టమంటావా?"

బల్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. హెలెన్ కూడా నవ్వి, పాస్‌బుక్కు స్కానర్ మీద బోర్లించింది.

అయితే, ధూళికి చెందని సంగతి ఒకటి ఆమె కంటపడింది. తెర మీద ఏమీ తెరిచి లేనప్పుడు కూడా ఫ్యాన్ హోరుమంటూ తిరిగేది. ఏ ప్రోగ్రాము ఇంత బరువు మోయిస్తోందో చూద్దామని ఆమె టాస్క్ మేనేజర్ తెరిచేది. తెరిచిన మరుక్షణం హోరు చప్పున దిగిపోయేది. అక్కడ అనుమానించదగ్గదేదీ కనిపించేది కాదు. మూసేసి పక్కకు తిరగగానే హోరు మళ్ళీ మొదలయ్యేది. గదిలో ఎవరో మాట్లాడుకుంటూ ఉండి, తలుపు తీయగానే నోరు మూసుకున్నట్టు. హెలెన్ ఒకసారి కాదు, చాలాసార్లు తెరిచి మూసి చూసింది. ప్రతిసారీ అదే తంతు. ఆ రోజు మొదటిసారి ఆ గదిలో ఒంటరిగా కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు. వసారాలోకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. కార్డు చివరి అంకెలు వీరమ్మవి.

వీరమ్మ హెలెన్ తల్లితో కలిసి కూలికి వెళ్ళిన మనిషి. ఇప్పటికీ వెళుతూనే ఉంది. ఆ వేళ యలమంద చేలో వంగి కాయలు కోస్తోంది. తన పేరు మీద ఎవరో ఎక్కడో తలుపు తడుతున్నారని ఆమెకెలా తెలుస్తుంది? సచివాలయంలో ఏమైనా తెరిచి ఉంటారనుకుని హెలెన్ రోడ్డు దాటింది. అక్కడ డిజిటల్ అసిస్టెంట్‌గా పనిచేసేది నజ్మీన్, ఉద్యోగంలో కొత్తగా చేరిన చీరాల అమ్మాయి.

"వీరమ్మ పెద్దమ్మ కార్డేమన్నా తెరిచావా, నజ్మీన్?"

"లేదక్కా. పొద్దుట్నించీ సర్వరే లేదు. నేను తెరిచింది టిఫిన్ బాక్సొక్కటే."

హెలెన్ తిరిగివచ్చింది. ఆమె గడప ఎక్కుతుండగానే ఇంకో ఓటీపీ వచ్చింది. అది వేరే ముసలమ్మది. కంప్యూటర్ తెర మీద ఆ అంకెలు ఒక మూల మెరిసి మాయమయ్యాయి. ఫ్యాన్ హోరుమంటూనే ఉంది.

మరికొద్ది రోజులకు యలమంద కేకలు వీధి చివరికి వినిపించాయి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేసి, ఆయన తండ్రి పేరు చెప్పి, పొలం సర్వే నంబరు చెప్పి, రైతు వివరాలు సరిచూడాలంటూ ఒక లింకు నొక్కమన్నాడట. నువ్వెవరివిరా అని ఈయన అరిస్తే, నమ్మకం కోసమని పాస్‌బుక్కు ఫొటో పంపించాడట. ఈయన పాస్‌బుక్కు ఫొటో ఈయనకే.

"నా పాస్‌బుక్కు వాడి చేతికెట్టా పోయింది? చెప్పమ్మా!" అని సచివాలయం మెట్ల మీద నిలబడి నజ్మీన్‌ను నిలదీశాడు. "పంట నమోదుకి నీకిచ్చా. ఇంకెవరికిచ్చా? నా పెళ్ళానిక్కూడా ఇవ్వలా!"

"ఇంకెక్కడా ఇవ్వలేదా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి, అంకుల్."

"ఇవ్వలా అంటంటే!"

ఆయన అబద్ధమాడడం లేదు. అదే ఈ కథలోని అసలు చిక్కు. హెలెన్ స్కానర్ మీద తన పాస్‌బుక్కు బోర్లించడం ఆయన కళ్ళారా చూశాడు. కానీ హెలెన్‌కు ఇవ్వడాన్ని ఆ ఊళ్ళో ఎవరూ ఇవ్వడం అనరు. కాగితం పరాయివాడి చేతికి వెళితేనే ఇచ్చినట్టు. నజ్మీన్ పరాయిది. చీరాల నుంచి బస్సులో వచ్చి పోయే పిల్ల, పైగా సాయిబుల పిల్ల. న్యాయస్థానాల్లో ముందు నేరం రుజువై, తరువాత నేరస్థుడు తేలాలి. వీధుల్లో ఆ క్రమం తలకిందులు. సాయంత్రానికల్లా దోషి దొరికింది. ఇక మిగిలింది కాగితం మీద పెట్టడమే.

యలమంద నేరుగా రోడ్డు దాటి హెలెన్ దగ్గరికి వచ్చాడు.

"కొట్టమ్మాయ్ అర్జీ. పైఅధికారిగారికి. ఆ పిల్ల మన కాయితాలు అమ్ముకుంటందని రాయి."

హెలెన్ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "చూశారా బాబాయ్, అమ్మడం?"

"చూడాల్సిన పనేముంది? కనపడతానే ఉందిగా! నువ్వేమన్నా ఆ పిల్ల తరఫు ప్లీడరువా? కొట్టు."

ఆమె కొట్టింది. కంప్యూటర్ ఎంత మందగించిందంటే, ఆమె ఒక వాక్యం కొట్టి చేతులు తీసేశాక ఆ అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి పాకుతూ వచ్చేవి. "నజ్మీన్ అను ఉద్యోగిని" అనే మాటలు అలా నెమ్మదిగా, ఇంకెవరో రాస్తున్నట్టు ఏర్పడుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. ధూళి గురించి ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్న మాటను ఆమె ఆ క్షణాన నమ్మడం మానేసింది. మరునాడే క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి, భర్త మార్క్ బండి మీద ఒళ్ళో పెట్టుకుని మార్టూరు వెళ్ళింది.

మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్ల సందులో శ్రీకృష్ణకు కంప్యూటర్ రిపేరు కొట్టు ఉంది. మార్క్ పనిచేసే యూనిట్ అతని కొట్టుకు రెండిళ్ళ అవతలే. రాయి కోసే రంపాల చప్పుడుకు అలవాటుపడి ఆ వీధిలో అందరూ గట్టిగా మాట్లాడతారు. శ్రీకృష్ణ రేకు విప్పి లోపలికి చూశాడు.

"అక్కా, దీని లోపల మా ఆవిడ వంటింటికన్నా శుభ్రంగా ఉంది. నీ రోగం ధూళి కాదు."

అతను యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండానే ఆన్ చేశాడు. "ముందు దీని నోరు కట్టేద్దాం. బయటికి మాట్లాడకుండా ఉంటే ఏం చేస్తదో చూద్దాం." యాంటీవైరస్ తెరిచి, కొంతసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు. "సీ డ్రైవ్ మొత్తం చూడకుండా వదిలెయ్యమని దీనికి ఎవరు చెప్పారు?"

"నేనే," అంది హెలెన్.

కోతలకు కొద్దిరోజుల ముందు ఫ్లెక్సీల కోసం కొత్త తెలుగు ఫాంట్లు కావలసివచ్చాయి. తెలిసిన డిటిపి ఆయన ఒకరు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. దొంగ తాళంతో తెరిచే ఫాంట్ల కట్ట అది. దానితోపాటు ఉన్న సూచనల్లో మొదటి వాక్యం, యాంటీవైరస్ ఆపివేయమని. ఆమె ఆపింది. ఆ పెన్‌డ్రైవ్ ఎన్ని ఊళ్ళ డిటిపి సెంటర్లు తిరిగిందో, ఎంతమంది అదే వాక్యం చదివి అదే పని చేశారో ఎవరికి తెలుసు? తెలుగులో అందంగా ఒక పేరు రాయాలంటే కాపలా తీసేయాలి అన్నది ఆ వృత్తిలో ఎవరూ ప్రశ్నించని పద్ధతి.

"ఫాంట్లు ఒంటరిగా రాలేదక్కా. చుట్టాల్ని వెంటేసుకుని వచ్చాయి," అన్నాడు శ్రీకృష్ణ. "ఇద్దరున్నారు. ఒకడు మోటువాడు. నీ కంప్యూటర్‌తో ఎవడికోసమో రాత్రింబగళ్ళు లెక్కలు కట్టిస్తన్నాడు. నీ స్లో అంతా వాడి వల్లే. నువ్వు టాస్క్ మేనేజర్ తెరిస్తే చాలు, పని ఆపి దాక్కుంటాడు."

"రెండోవాడు?"

అతను కుర్చీ మళ్ళీ ముందుకు జరిపాడు. ఎక్కడో లోతున, పేరుకు అర్థంలేని ఒక దాచిపెట్టిన ఫోల్డర్ తెరిచాడు. అందులో ఉన్నవి బొమ్మలు. ఒక బొమ్మ మీద నొక్కాడు. అది హెలెన్ కంప్యూటర్ తెర. అందులో వీరమ్మ ఆధార్ కార్డు. ఇంకోటి నొక్కాడు. యలమంద పాస్‌బుక్కు, స్కానర్ మీద కొంచెం వంకరగా పడినది పడినట్టే. తరువాతిది తెర మూల మెరిసిన ఓటీపీ అంకెలు. ఆ తరువాతిది సగం కొట్టిన అర్జీ: "నజ్మీన్ అను ఉద్యో" అని, అక్కడితో ఆగి.

"నువ్వు చూసేదల్లా ఫొటో తీసి పంపిస్తన్నాడు," అన్నాడు శ్రీకృష్ణ. అంత చప్పుడు వీధిలోనూ గొంతు తగ్గించాడు. "వీడు స్లో చెయ్యడక్కా. వీడొక్కడే ఉంటే నీకు జన్మలో తెలిసేది కాదు."

హెలెన్ తన వీపు వెనక్కి తిరిగి చూసింది. అక్కడ రాళ్ళ లారీ తప్ప ఏమీ లేదు.

శ్రీకృష్ణ పని తెలిసినవాడు. ఇలాంటి యంత్రాన్ని ఎంత శుభ్రం చేసినా నమ్మలేమని చెప్పి, పాత హార్డ్ డిస్కు ఊడదీసి, దాని స్థానంలో కొత్త ఎస్ఎస్‌డీ బిగించాడు. విండోస్ మొదటి నుంచి ఎక్కించాడు. ఆమె ఫైళ్ళలో కాగితాలూ బొమ్మలూ మాత్రమే, అవీ పరీక్షించాకే, కొత్తదాంట్లోకి దించాడు. దొంగ ఫాంట్లను ముట్టుకోనివ్వలేదు. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు పెట్టాడు. తన ఫోన్ నుంచి ఆమె పాస్‌వర్డులన్నీ మార్పించాడు. ఆమె ఫోన్ మెసేజీలకూ కంప్యూటర్‌కూ ఉన్న లంకె తెంపించాడు. చివరగా యాంటీవైరస్‌ను తట్టి లేపి, "ఇక దీన్ని నిద్రపుచ్చావంటే మా కొట్టు మెట్లెక్కనివ్వను," అన్నాడు.

పాత డిస్కు బల్ల మీద ఉంది.

"దీన్ని సోమవారం పూర్తిగా తుడిచేస్తా. తుడిచాక ఎవడూ ఏమీ తీయలేడు," అన్నాడు. "ఇంకో మాటక్కా. ఎవరికీ చెప్పకు. కంప్యూటర్ బాగైంది, అంతే. కార్డులకి నీ నంబరు రాయించావనీ, కాయితాలు దాచావనీ తెలిస్తే నీ సెంటర్ ఉండదు. నువ్వూ ఉండలేవు ఆ ఊళ్ళో."

ఆమె తలూపింది.

కంప్యూటర్ ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా మేల్కొంటోంది. పేజీలు నొక్కగానే విచ్చుకుంటున్నాయి. యలమంద వచ్చి చూసి, "ఏం మందేశావే దీనికి? మా మిరపక్కూడా కాస్త కొట్టు," అన్నాడు. ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. కొత్త యంత్రంలో అంతా సవ్యంగా ఉంది. ఓటీపీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. తెర మీద కాదు, ఆమె చేతిలోని ఫోన్‌కు. అవతలివాడికి ఇక ఆ అంకెలు కనిపించవు. కానీ వాడి దగ్గర పేర్లున్నాయి, కార్డులున్నాయి, ముఖాలున్నాయి. వాడు తలుపు తడుతూనే ఉన్నాడు.

అర్జీ ఆ వారంలోనే తన పని తాను చేసుకుపోయింది. నజ్మీన్ లాగిన్ ఆపేశారు. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆఫీసు ప్రింటర్ వాడుకునే హక్కు కూడా పోయినందున, ఆ సంజాయిషీ ప్రింటు తీయించుకోవడానికి ఆమె హెలెన్ దగ్గరికే వచ్చింది.

"నేను చెయ్యలేదని రాశానక్కా. చెయ్యలేదనడానికి రుజువేందంటున్నారు. చెయ్యనిదానికి రుజువు ఎక్కణ్ణించి తెచ్చేది? నువ్వు చెప్పు."

నేరం చేశాడన్నవాడే రుజువు చూపాలి, చేయలేదన్నవాడు కాదు. ఏ దేశపు న్యాయశాస్త్రమైనా ఈ పునాది మీదే నిలబడుతుంది. కానీ ఆ అమ్మాయికి కావలసినది శాస్త్రం కాదు. మార్టూరులో ఒక బల్ల మీద పడి ఉన్న అరచేయంత ఇనప డబ్బా. అందులో యలమంద పాస్‌బుక్కు ఏ తెర మీద ఉండగా దొంగిలించబడిందో వంకరతో సహా ఉంది. సంజాయిషీ ప్రింటు రెప్పపాటులో వచ్చేసింది. కంప్యూటర్ అంత చురుగ్గా ఉంది మరి. నజ్మీన్ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. హెలెన్ నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం విషయమంతా విని మార్క్ చేతుల మీది రాతి ధూళి కడుక్కున్నాడు. తరువాత అన్నాడు: "ఆ పిల్లకి చదువుంది, ఇంకో ఉద్యోగం వస్తది. మనకి ఈ గది తప్ప ఏముందే? దేవుడి దయవల్ల కంప్యూటర్ బాగైంది. ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్పుకో, వదిలెయ్."

వాళ్ళ చర్చిలో ఆదివారం ఆరాధన నడుమ సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి నలుగురిలో చెప్పుకోవడాన్ని అక్కడ సాక్ష్యం అంటారు. జ్వరం తగ్గింది, బిడ్డ పాసైంది, బోరులో నీళ్ళు పడ్డాయి. కోర్టులో సాక్ష్యం అంటే వేరు. అక్కడ ప్రమాణం చేయించి, ఉన్నదంతా చెప్పమంటారు, ఏదీ దాచవద్దంటారు. ఒకే మాట. ఇన్నేళ్ళూ హెలెన్‌కు ఆ రెండో అర్థంతో పనిపడలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. పక్కనే కూర్చున్న వీరమ్మ మోచేత్తో పొడిచింది. "లేవే, నీ కంప్యూటర్ బతికిందంటగా."

హెలెన్ లేచింది. "మా సెంటర్ కంప్యూటర్ చాన్నాళ్ళు పాడైంది. ఇప్పుడు బాగా పనిచేస్తంది. ప్రభువుకి స్తోత్రం," అంది.

"స్తోత్రం!" అన్నారంతా ఒక్క గొంతుతో. ఆ గొంతుల మధ్య, ఆమె పిడికిట్లోని ఫోన్ వణికింది. ఆమె చూసింది. కార్డు చివరి అంకెలు వీరమ్మవి. వీరమ్మ ఆమె పక్కనే చేతులెత్తి, కళ్ళు మూసుకుని ఉంది.

తాను అన్న ప్రతి మాటా నిజం. అయినా జీవితంలో అంత పెద్ద అబద్ధం ఎన్నడూ ఆడలేదని హెలెన్‌కు తెలిసింది. నిలబడే ఉంది. అందరూ పాట అందుకున్నాక వీరమ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆరాధన ముగిశాక చర్చి వాకిట్లో వేపచెట్టు నీడలో ఆమె వీరమ్మను ఆపింది.

"పెద్దమ్మా, నీ కార్డు ఎవడో దొంగ చేతికి పోయింది."

వీరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నా కార్డా? వాడేం చేసుకుంటాడే? నా బదులు ఎండలో నిలబడి కాయలు కోస్తాడా? కొయ్యమను. నా మోకాళ్ళ నొప్పులు కూడా తీసుకుపొమ్మను."

"నవ్వొద్దు పెద్దమ్మా. నీ పేరు మీద ఏమన్నా చెయ్యొచ్చు వాడు. రేపు పోలీసులొచ్చి నిన్నే అడగొచ్చు."

నవ్వు ఆగింది. "అయితే యలమంద అన్నది నిజమే. ఆ పిల్ల అమ్ముకుంది. ఉసురు తగలదూ దానికి?"

"ఆ పిల్ల కాదు."

"మరెవరే?"

పాట పాడి బయటికి వస్తున్న జనం వాళ్ళిద్దరి చుట్టూ పాయలుగా చీలి వెళుతున్నారు. అందులో సగం మంది కార్డులకు ఆమె నంబరే ఉంది.

"నా దగ్గర్నించే పోయాయి పెద్దమ్మా. నీదీ, యలమంద బాబాయ్‌దీ, అందరివీ. నా కంప్యూటర్ లోంచే."

వీరమ్మ ఆమెను చూసింది. తిట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. అరిగిపోయిన తన వేళ్ళను ఒకసారి చూసుకుని, కొంగు భుజాన వేసుకుని, ఎవరికోసమూ ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది. వీధి మలుపులో ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలవడం, ముగ్గురూ నిలబడి వెనక్కి తిరిగి చూడడం హెలెన్‌కు కనిపించింది.

ఇక మాట బయటికి వెళ్ళిపోయింది. అయినా మాట వేరు, రుజువు వేరు. నోటి మాటను అధికారులు గాలికి వదిలేయవచ్చు, యలమంద నమ్మకపోవచ్చు, ఆ పిల్లను కాపాడటానికి అల్లిన కథ అనవచ్చు. హెలెన్ అక్కడే నిలబడి శ్రీకృష్ణకు ఫోన్ చేసింది.

"ఆ డిస్కు తుడిచావా?"

"లేదక్కా, రేపన్నాగా. ఏం?"

"తుడవొద్దు. దేనికీ తగిలించొద్దు. ఒక కవర్లో పెట్టి ఉంచు."

"నీకేమన్నా పిచ్చా? అందులో నీ మీద..."

"తెలుసు."

"పోలీసోళ్ళు ముందు నిన్నే కూర్చోబెడతారక్కా. నీ సెంటర్ ఐడీ తీసేస్తారు. ఆలోచించు, తుడిచేస్తే ఎవడికీ ఏమీ..."

"రేపు పొద్దున కొట్టు తెరిచేటప్పటికి వస్తా. నజ్మీన్‌ని వెంటబెట్టుకుని వస్తా. నీ దగ్గర్నించి అటే స్టేషన్‌కి పోయి, ఫిర్యాదు నా పేరు మీదే రాసిస్తా, తమ్ముడూ," అని చెప్పి, హెలెన్ ఫోన్ పెట్టేసింది.